గోల్ఫు కర్రలూ, మా నాన్న మోటారూ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు కాఫీ మిషన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అన్నా, గోల్ఫు మొదలెట్టి రెణ్ణెల్లయింది. ఫిట్టింగ్ చేయించుకుని కొత్త సెట్టు కొంటున్నా. లక్షా తొంభై వేలు. ఈఎమ్ఐ కూడా సెట్ చేసేశా. నువ్వు ఆడతావట కదా, ఏమంటావ్?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది పాపం.

"కేన్సిల్ చెయ్" అన్నాను.

ఆ వెలుగు ఠక్కున ఆరిపోయింది. నాకే బాధేసింది. కాఫీ కప్పు పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదిది. అందుకని శనివారం మా ఊరొచ్చి, శ్రీముఖలింగంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని తాపీగా రాస్తున్నాను. తమ్ముడూ, చదువుతున్నావని ఆశిస్తున్నా :). మిగతావాళ్ళు కూడా చదవండి. ఎందుకంటే ఫ్రిస్కో నుంచి గచ్చిబౌలి దాకా, గచ్చిబౌలి నుంచి రుషికొండ దాకా మన ఐటీ జనానికి ఈ గోల్ఫు పిచ్చి పట్టింది. ఆట మంచిదే, నాకూ పిచ్చే. గొడవల్లా ఆటతో కాదు, ఆట మొదలెట్టకముందే మొదలయ్యే షాపింగుతో.

నేననేది ఒక్క ముక్కలో చెప్తాను, తర్వాత తీరిగ్గా కొట్లాడుకుందాం. కొత్తగా గోల్ఫు ఆడేవాడికి ఫుల్ ఫిట్టింగు దండగ. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనుక్కోవాలి. కానీ కళ్ళు మూసుకుని కాదు, టేపు పట్టుకుని.

ముందు నా భాగోతం చెప్పాలి. లేకపోతే "వీడెవడండీ చెప్పడానికి" అంటారు.

2022లో నన్ను ఆన్‌సైట్‌కి టెక్సస్ పంపారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండేవాణ్ణి. అమెరికా పీజీఏ వాళ్ళు తమ ప్రధాన కార్యాలయాన్ని ఆ ఏడాదే ఫ్లోరిడా నుంచి ఆ ఊరికి మార్చారు. ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే, కూరగాయల కొట్లో తెలుగు వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. అలా ఒకపక్క గోల్ఫు, ఇంకోపక్క మనవాళ్ళు. అంటుకోకుండా ఎలా ఉంటుంది?

మా మేనేజరు తన పాత సెట్టు ఇచ్చాడు. "ఉంచుకో, ఏదైనా ఒకటే, ముందు కొట్టడం నేర్చుకో" అన్నాడు. ఆయన ఆరడుగుల రెండంగుళాలు. నేను చెప్పుల్తో కలిపి ఐదడుగుల ఐదు. ఆ స్టీలు షాఫ్టులు ఇనప చువ్వల్లా బిగుసుకుని ఉండేవి. క్లబ్బు నేల మీద పెడితే మొన గాల్లోకి లేచి, మడమ మాత్రం గడ్డిలో దిగబడేది. పొడుగు కర్రని పొట్టివాడు పట్టుకుంటే అంతే మరి. రెణ్ణెల్లు కొట్టేసరికి మోచెయ్యి పట్టేసింది. కీబోర్డు మీద చెయ్యి పెడితే జిల్లుమనేది. అంటే "ఏదైనా ఒకటే" అనే బ్యాచి చెప్పేది కూడా అబద్ధమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

దాంతో రెండో అంచుకి దూకాను. మూడో నెలలో ఒక పెద్ద షాపుకి ఫిట్టింగుకి వెళ్ళాను. పేరు వద్దులెండి, వాళ్ళ తప్పేం లేదు. చీకటి గది, పెద్ద తెర, బంతి పక్కన రాడారు. క్లబ్ స్పీడు, బంతి స్పీడు, లాంచ్ యాంగిల్, స్పిన్, ఎటు తిరిగింది, ఎంత దూరం పోయింది... అంకెలు తన్నుకొస్తున్నాయి. డ్యాష్‌బోర్డు చూస్తే మనకి భక్తి పుడుతుంది కదా, జాతి లక్షణం. గంటన్నరసేపు కొట్టించాడు. బంతి కుడివైపుకి వంకర తిరిగిపోతోంది నాకు, స్లైస్ అంటారు. అది సర్దడానికి లై యాంగిల్ రెండు డిగ్రీలు నిటారుగా వంచిన ఐరన్లు, బంతిని ఎడమకి లాగే డ్రైవరు, నా చేతికి తగ్గ గ్రిప్పులు... మొత్తం రెండువేల ఎనిమిది వందల డాలర్లు. కార్డు గీకేశా.

ఆరు వారాల తర్వాత ఒక టీచరు దగ్గర పాఠాలకి చేరాను. (గమనించండి: ముందు సామాను, తర్వాత పాఠం. అదీ మన తెలివి.) ఆయన మొదటి క్లాసులోనే నా పట్టు మార్చాడు. మూడో క్లాసుకి నిలబడే తీరు మార్చాడు. అయిదో క్లాసుకి నా స్లైస్ పోయింది.

స్లైస్ పోయింది కానీ, స్లైస్ కోసం వంచిన కర్రలు పోలేదుగా! ఇప్పుడు ప్రతి బంతీ ఎడమకి. సూటిగా కొట్టినా ఎడమకే. ఎడమ పక్కన చెరువుంటే బంతులన్నీ అందులోకే. నా కొత్త క్లబ్బులు చాలా బుద్ధిమంతమైనవి. మూడు నెలల క్రితం నేను చేసే తప్పుని ఇంకా దిద్దుతూనే ఉన్నాయి.

మన భాషలో చెప్పాలంటే, బగ్గు మీద ప్యాచ్ రాశాం. తర్వాత బగ్గు ఫిక్స్ చేశాం. ప్యాచ్ తియ్యలేదు. తీద్దామంటే అది ఇనుములో వంచి ఉంది.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ఫిట్టర్ కొలిచింది నా శరీరాన్ని మాత్రమే కాదు, నా స్వింగుని కూడా. శరీరం ఇరవయ్యెనిమిదేళ్ళకి మారదు (నడుము తప్ప). స్వింగు మాత్రం కొత్తవాడికి వారం వారం మారుతుంది. మారాలి కూడా, అందుకే కదా పాఠాలు. మారిపోవడానికే పుట్టిన దానికి కొలతలు తీసి రెండువేల ఎనిమిది వందలు పొయ్యడం ఏం ఇంజినీరింగండీ? రిక్వైర్‌మెంట్సు ఇంకా వైట్‌బోర్డు మీద ఉండగానే ప్రొడక్షన్ సర్వర్లకి ఆర్డరిచ్చినట్టుంది. తొందరపడి చేసే ఆప్టిమైజేషన్ గురించి క్నూత్ గారు 1974లోనే హెచ్చరించారు. ఇంటర్వ్యూల్లో ఆ ముక్క మనమే అడుగుతాం. సాయంత్రం గోల్ఫు షాపుకెళ్ళి మర్చిపోతాం.

ఇంకో సంగతి. ఆ రోజు ఏడో నంబరు ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టాను. దగ్గరగా పడింది 85 గజాలు, దూరంగా పడింది 140 గజాలు. ఫిట్టర్ ఏం చేశాడంటే, చెత్తవన్నీ తెర మీంచి చెరిపేసి "మంచివి" ఆరు ఉంచి వాటికి సగటు తీశాడు. అలా రెండు షాఫ్టులకి చేస్తే, ఖరీదైన షాఫ్టు నాలుగు గజాలు ఎక్కువ వచ్చింది. ఆహా అనుకున్నా. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే వెలిగింది. నా కొట్టుడులో తేడా 55 గజాలు. షాఫ్టు తెచ్చిన తేడా 4 గజాలు. రణగొణ ధ్వనిలో ఈల విన్నట్టుంది. ఇష్టం లేని రీడింగులు తీసేసి మనం ఇలాంటి బెంచ్‌మార్కు రిపోర్టు పంపిస్తే మా ఆర్కిటెక్టు మొహాన కొడతాడు. అదే రిపోర్టుకి నేను జేబులోంచి డబ్బులిచ్చాను.

పదేళ్ళుగా ఆడుతూ, ఇరవై బంతులూ ఒకే కుప్పలో వేసేవాడికి ఆ నాలుగు గజాలు నిజంగా నాలుగు గజాలే. వాడికి ఫిట్టింగు బంగారం. నేను కాదన్నానా? మనం వాడు కాదు, అదీ సమస్య.

"పాత క్లబ్బుల్లో పాత టెక్నాలజీ ఉంటుంది కదండీ, దూరం పోదు" అంటారు కొందరు. ఇది కంపెనీల వాళ్ళు మన బుర్రలో నాటిన విత్తనం. నిజం ఏంటంటే, డ్రైవరు ఫేసు బంతిని ఎంత స్ప్రింగులా తన్నొచ్చో నిబంధనల్లో హద్దుంది. 0.83 అనే అంకె చుట్టూ గీసిన గీత అది. తలకాయ సైజుకి 460 ఘన సెంటీమీటర్ల హద్దుంది. పక్కకి తగిలినా మెలిక తిరగకుండా ఉండే గుణానికి కూడా హద్దు పెట్టారు. ఇవన్నీ 2000ల మొదటి దశాబ్దంలోనే అమల్లోకొచ్చేశాయి. తర్వాత తేడాలు రాలేదని కాదు, వచ్చాయి. ఫేసు మధ్యలో తగలకపోయినా క్షమించే గుణం పెరిగింది. కానీ ఏటేటా విప్లవం అన్నది మాత్రం ప్రెస్ రిలీజుల్లోనే. పదేళ్ళ కిందటి మంచి డ్రైవరు మధ్యలో తగిలితే బంతి వెళ్ళాల్సినంత దూరం వెళ్తుంది. మనకి మధ్యలో తగలదు. అది డ్రైవరు తప్పు కాదు.

స్పెయిన్ ఆటగాడు సెవె బయెస్తెరోస్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. పెద్రేన్యా అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున ఇసకలో, ఒకే ఒక్క పాత మూడో నంబరు ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. అన్న ఇచ్చిన కర్ర అది. పెద్దయ్యాక అయిదు మేజర్లు గెలిచాడు. మన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కోల్‌కతాలో రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి. కొడుకు అక్కడే చూసి చూసి నేర్చుకుని 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ కొట్టాడు. అసలు మా జిల్లానే చూడండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ పిల్ల మొదలెట్టినప్పుడు బరువులకి ఫిట్టింగు ఎవరు చేశారండీ? "వాళ్ళు మహానుభావులు, మనం ఎక్కడ" అంటారా? అదే నేనూ అంటున్నా. వాళ్ళకే మొదట్లో అక్కర్లేనిది వారాంతపు ఆటగాళ్ళం, మనకెందుకు?

సరే, అవతలి పక్షం బలమైన వాదనలు కూడా చూద్దాం. దొంగాట ఆడను.

మొదటిది, కార్స్టన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి, అమెరికాలో చెప్పులు కుట్టే కొట్లో పనిచేసి, తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరైన మనిషి. నలభై దాటాక ఆఫీసువాళ్ళతో గోల్ఫు మొదలెట్టాడు. పటింగ్ కుదరక తిట్టుకుని, తప్పు నాది కాదు కర్రది అని తేల్చి, 1959లో సొంతంగా పటర్ చేశాడు. బంతి తగిలితే 'పింగ్' అని మోగిందని ఆ పేరే పెట్టాడు. పింగ్ కంపెనీ అలా పుట్టింది. మనిషి ఒడ్డూ పొడుగూ బట్టి క్లబ్బు లై మార్చడానికి రంగుల చుక్కల పద్ధతి 1972లో మొదలెట్టింది కూడా ఆయనే. "చూశావా, మనలాంటి ఇంజినీరే, కొత్తగా ఆడేవాడే, పరికరాన్ని నిందించి గెలిచాడు" అని మా ఫ్రిస్కో మిత్రుడు నన్ను ఇరుకున పెట్టాడొకసారి.

నిజమే. కానీ ఆ చుక్కల పద్ధతిలో మొదటి మెట్టు ఏంటో చూడండి: మీ ఎత్తు, మీ మణికట్టు నుంచి నేలకి ఎంత దూరం. ఈ రెండే. రాడారక్కర్లేదు, చీకటి గదక్కర్లేదు. ఇంట్లో మీ ఆవిడో అమ్మో టేపు పట్టుకుంటే అయిపోతుంది. బంతి ఎటు పోతోందో చూసి సర్దడం తర్వాతి మెట్టు. నేను మొదటి మెట్టు వద్దనడం లేదు. రెండో మెట్టుకి ఇంకా కాళ్ళు రాలేదంటున్నా.

రెండోది, మన సాహిత్ తీగల. హైదరాబాదు నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టిన కుర్రాడు, 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో బోణీ కొట్టాడు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులు ఎలా ఊగిపోయాయో మర్చిపోలేను. అతనికి వెన్ను వంకర, స్కోలియోసిస్. అతని స్వింగు పుస్తకంలో బొమ్మలా ఉండదు. ప్రతి ఒళ్ళూ వేరు, అందుకే ఫిట్టింగు కావాలి అంటారు. ఒప్పుకుంటా. కానీ ఆ స్వింగు అతనిది అవడానికి ఎన్నేళ్ళు పట్టిందో కూడా లెక్కెయ్యండి. మనకి మన స్వింగు ఇంకా పుట్టలేదు. పుట్టని బిడ్డకి చొక్కా కుట్టించకూడదని మా నాయనమ్మ అనేది.

చొక్కా అంటే గుర్తొచ్చింది. మూడో వాదన ఎప్పుడూ ఇదే: "రెడీమేడ్ చొక్కా వేసుకుంటావా, కుట్టించుకుంటావా?" బాబూ, నేను కుట్టించుకునే పెరిగాను. ప్రతి జూన్‌లో మా ఊరి టైలరు నా స్కూలు నిక్కరు రెండంగుళాలు వదులుగా కుట్టి, కింద మడత లోపలికి పెట్టేవాడు. "ఎదిగే గుంటడు, బిగుతుగా కుడితే దసరాకి చిరిగిపోద్ది" అనేవాడు. టైలరంటే అతనూ. ఎదిగేవాడికి కొలత అంటే ఇవాళ్టి ఒంటికి అతికినట్టు కుట్టడం కాదు, రేపటికి మడత వదలడం. మన ఫిట్టర్లు ఈ మడత వదలరు. వదిలితే అమ్మకం అవదు.

ఇప్పుడు మోచెయ్యి దగ్గరికి వస్తా. వస్తానన్నాను కదా.

మా మధుకేశ్వరుడి గుళ్ళో, గర్భగుడిలో స్వామి వెనక పెద్ద మట్టి గోళెం ఉంటుంది. చూసినవాళ్ళెవరైనా మొదట అడిగే ప్రశ్న, ఇంత పెద్దది ఈ గుమ్మంలోంచి ఎలా పట్టిందీ అని. ఎవరో కుమ్మరి భక్తుడు మొక్కు తీర్చుకోడానికి చేసి తెస్తే గుమ్మంలో పట్టలేదనీ, పాపం ఏడుస్తూ వెళ్ళిపోతే స్వామే లోపలికి చేర్చుకున్నాడనీ మా ఊళ్ళో చెప్తారు. చిన్నప్పట్నుంచీ విన్న కథ, నాకిష్టం. కానీ కుమ్మరికి పట్టించిన దేవుడు మనకి పట్టించడండీ. మనం ముందే గుమ్మం కొలుచుకోవాలి. ఆరడుగుల రెండంగుళాల మనిషి కర్రలు ఐదడుగుల ఐదంగుళాలవాడికి పట్టవు. "పాతదైతే చాలు, ఏదైనా ఒకటే" అని మోచేతులు పోగొట్టుకోకండి.

అంచేత, తమ్ముడూ, నువ్వు చెయ్యాల్సింది ఇదీ:

1. షూ వేసుకుని నిటారుగా నిలబడి ఎత్తూ, మణికట్టు నుంచి నేలకి దూరమూ కొలిపించుకో. క్లబ్బుల కంపెనీల చార్టుల్లో నీకు ఏ పొడుగు, ఏ లై దగ్గరో తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

2. షాఫ్టు మీద ఆర్, ఎస్ అని రాసి ఉంటుంది, ఎంత బిగువో చెప్పే గుర్తు. కంపెనీలన్నిటికీ ఒకే కొలమానం లేదు, ఒకడి ఆర్ ఇంకొకడికి ఎస్ కావచ్చు. అందుకని అక్షరాన్ని నమ్మకు. అడిగి పది బంతులు కొట్టి చూడు. చెయ్యి జిల్లుమంటే ఒగ్గేయ్.

3. పధ్నాలుగు క్లబ్బులు నిబంధనల్లో గరిష్ఠం, కనిష్ఠం కాదు. నీకు ఏడు చాలు. ఒక డ్రైవరో, కొంచెం సులువైన వుడ్డో, ఒక హైబ్రిడ్, మూడు ఐరన్లు, ఒక వెడ్జి, ఒక పటర్.

4. పాతది కొనేటప్పుడు గ్రిప్పు గోటితో నొక్కి చూడు, గట్టిపడి మెరుస్తుంటే మార్పించాలి. దానికి పెద్ద ఖర్చవదు. స్టీలు షాఫ్టుకి తుప్పూ సొట్టా, గ్రాఫైటుకి పగులూ చూడు. తలకాయ ఊపితే లోపల గలగలమంటే వద్దు. ఐరన్లన్నీ వరసగా పెట్టి పొడుగు తేడా సమంగా ఉందా చూడు, పాత యజమాని ఒకటి రెండు కోయించి ఉండొచ్చు. ఈ ఏడాది మోడలు సగం ధరకి వస్తోందంటే అది సెకండ్ హ్యాండ్ కాదు, నకిలీ.

5. మిగిలిన డబ్బుతో పాఠాలు. ముందు పాఠాలు. ఇదొక్కటి చేసినా చాలు.

6. మరి ఫిట్టింగు ఎప్పుడు? ఆఫీసు వైట్‌బోర్డు మార్కరు ఒకటి తెచ్చుకో (నేను చెప్పానని అనకు). ఫేసు మీద పూసి పది బంతులు కొట్టు. ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. పదిలో ఏడు మచ్చలు పది రూపాయల బిళ్ళంత చోటులో పడితే, అదీ వరసగా నెలరోజులు పడితే, అప్పుడు వెళ్ళు ఫిట్టరు దగ్గరికి. కొలవడానికి అప్పుడు నీ దగ్గర ఏదో ఉంటుంది. ఇది నా సొంత కొలమానం, శాస్త్రం కాదు.

కొన్ని మినహాయింపులు చెప్పకపోతే పాపం. మరీ పొడుగువాళ్ళూ మరీ పొట్టివాళ్ళూ, ఒంట్లో ఏదైనా ఇబ్బంది ఉన్నవాళ్ళూ మొదట్లోనే తెలిసినవాళ్ళకి చూపించుకోవాలి. ఇంకోటి, అయ్యా మగమహారాజులూ, మీ పాత క్లబ్బులు మీ ఆవిడకి తగిలించి "నీకు గోల్ఫు రాదు" అని తేల్చెయ్యకండి. ఆడవాళ్ళ పొడుగుకీ బలానికీ చేసిన సెకండ్ హ్యాండ్ సెట్లు దొరుకుతాయి. పిల్లలకి పెద్దవాళ్ళ కర్రలు కోసి ఇవ్వకండి, పొడుగు తగ్గుతుంది కానీ బరువూ బిగువూ తగ్గవు.

"నా డబ్బు, నా ఇష్టం, నీకేంటి నొప్పి" అనేవాళ్ళు కూడా ఉంటారు. ఏం నొప్పి లేదు. సరదా కోసం కొనుక్కుంటున్నా అనండి, చప్పట్లు కొడతా. అవసరం అనకండి. ఆ మాటే నన్ను ముంచింది. ఎలాగో చెప్పి ముగిస్తాను. ఇది రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను.

నేను ఆ కార్డు గీకిన నెలలోనే ఇక్కడ మా నాన్న మోటారు కాలిపోయింది. ఆ ఏడాది కాలవ నీళ్ళు మా పొలానికి ఆలస్యంగా వచ్చాయి, నేలబావే గతి. కొత్త మోటారు కొనకుండా నరసన్నపేటలో ఒకటి సెకండ్ హ్యాండ్‌ది చూసి తెచ్చుకున్నాడు. నాకు ఫోన్లో చెప్పనే లేదు. తర్వాతెప్పుడో మా చెల్లి చెప్పింది. నా గోల్ఫు కర్రలెంత అని నాన్న అడిగితే నేనేం చెప్పానో తెలుసా? "ఇరవై వేలు నాన్నా." పదోవంతు కూడా కాదు. అవసరమైనదే అని నేను నిజంగా నమ్మి ఉంటే అబద్ధం ఎందుకు చెప్తాను? ఆ రోజు నా నోరే నాకు తీర్పు చెప్పింది. నాకే వినపడలేదు.

2024లో వైజాగ్ తిరిగొచ్చేశాను. ఆ ఫిట్టింగు సెట్టు అద్దె ఇంట్లో అలమరాలో ఉంది, అమ్ముదామంటే నా తప్పుకి అతికినట్టు వంచిన కర్రలు ఎవరికి పనికొస్తాయి? ఫ్రిస్కో వదిలే ముందు రెండొందల ఇరవై డాలర్లకి పాత ఐరన్లూ ఒక డ్రైవరూ ఒక పటరూ కొనుక్కున్నాను, టేపు పట్టుకుని. వాటితోనే ఆడుతున్నా. ఎండాకాలం వంశధారలో ఇసక మేటలు తేలితే ఏడో నంబరు పట్టుకుని దిగుతాను. మా వీధి పిల్లలు బంతులు ఏరి తెస్తారు, బంతికో దెబ్బ వాళ్ళకి కూలి. ఇసకలో మధ్యలో తగలకపోతే వెంటనే తెలిసిపోతుంది, ఏ రాడారూ అక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఒడ్డున కూర్చుని చూస్తున్న నాన్నకి అసలు ధర చెప్పేశాను. రెండు లక్షల పైమాటే అని. తిడతాడనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"నీ దగ్గర డబ్బుల్లేవేమో అనుకుని మోటారు సంగతి నీకు సెప్పలేదురా. అక్కడ ఖర్చులెక్కువ గదా" అన్నాడు.

నాకేం మాట్లాడాలో తెలీలేదు. చాలాసేపటికి, మాట మార్చడానికన్నట్టు, "ఆ పాత మోటారు బాగానే పన్జేస్తందా?" అని అడిగాను.

"మోటారు పాతదైతేనేటి? తిప్పి సూసుకునే కొన్నాను. పైపు మాత్రం బావి లోతు కొలిపించి కొత్తది ఏయించాను. పైపు పొట్టిదైతే ఎంత కొత్త మోటారైనా నీళ్ళు లాగదు" అన్నాడు.

ఫ్రిస్కోలో గంటన్నర కూర్చుని, ఆ తర్వాత రెండేళ్ళు తల బద్దలు కొట్టుకుని నేను తేల్చింది ఇదే కదండీ. ఆయన నరసన్నపేటలో ఒక్క పూటలో తేల్చేశాడు.

తమ్ముడూ, సోమవారం నీ ఈఎమ్ఐ ఇంకా కేన్సిల్ చెయ్యడానికి వీలుందేమో కనుక్కో. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. టేపు నా దగ్గరుంది. ఏడో నంబరు ఒకటి నీకు ఇస్తాను, మనిద్దరిదీ ఇంచుమించు ఒకటే ఎత్తు. ముడసర్లోవలో గోల్ఫు క్లబ్బు ఎక్కడికీ పారిపోదు, అక్కడికి తర్వాత వెళ్దాం.

తా.క.: ఫిట్టర్లకి నేను వ్యతిరేకిని కాదు. నా మచ్చలు పది రూపాయల బిళ్ళలోకి వచ్చిన రోజు నేనే వెళ్తాను. నిన్నటి లెక్క, పదిలో నాలుగు.